పిడుదుల మందూ అహింసా

కుక్క చెవి వెనక నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును చంపడం హింస కిందికి వస్తుందా అన్న ప్రశ్నకు ఈ దేశంలో పాత మూలాలున్నాయి. పెంపుడు కుక్కకు నట్టల మాత్ర మింగించినప్పుడు, పిల్లి మెడ మీద మందు చుక్కలు వేసినప్పుడు ఒక ప్రాణికి హాయి కలుగుతుంది, పదులో వందలో ప్రాణులు చస్తాయి. మాంసం ముట్టని ఇళ్లలో, చీమల పుట్ట దగ్గర నూకలు చల్లే ఇళ్లలో ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. అలా ఆగడాన్ని చాదస్తమని కొట్టిపారేయడం సబబు కాదు. చిన్న ప్రాణి ప్రాణం కూడా ప్రాణమేనని వందల ఏళ్లుగా నేర్పుతూ వచ్చిన సంప్రదాయాల మీద పెరిగిన మనసు అలాగే ఆగుతుంది. ఆగిన తర్వాత ఏం చేయాలన్నదే తేలాలి.

ముందు జరిగేదేమిటో ఉన్నదున్నట్టు చూడాలి. మన ఊళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు పిల్లగా ఉన్నప్పుడొకసారి, కాస్త ఎదిగాక ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి కుక్కనెక్కి నెత్తురు తాగుతుంది. తాగిన ప్రతిసారీ రాలిపడి గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా మడతల్లో దాక్కుంటుంది. కడుపు నిండిన ఆడ పిడుదు వేలకొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. నెత్తురు పోవడం ఒక బాధ. దాంతో పాటు ఎర్లికియా, బబీసియా అనే సూక్ష్మజీవులు కుక్క ఒంట్లోకి చేరడం అంతకన్నా పెద్ద ప్రమాదం. జ్వరం వస్తుంది, కుక్క తిండి మానేస్తుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్నిసార్లు ముక్కు వెంట నెత్తురు కారుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది.

కడుపులోని పురుగుల కథ వేరు. ఏలికపాములు తల్లి ఒంట్లో కండరాల మధ్య నిద్రాణంగా ఉండి, తల్లి చూలుతో ఉన్నప్పుడు మాయను దాటి కడుపులోని కుక్కపిల్లల్లోకి వెళతాయి. అందుకే పుట్టిన పిల్ల కళ్లు తెరవకముందే దాని ఒంట్లో పురుగు ఉంటుంది. పిల్లులకు ఇవి తల్లిపాల ద్వారా అంటుతాయి. కొంకి పురుగులు పేగు గోడను కొరికి నెత్తురు పీలుస్తాయి. చిన్న కుక్కపిల్లల్లో ఆ రక్తహీనత వల్ల చిగుళ్లు సున్నం రంగుకు తిరుగుతాయి. ఒంటి మీద గెంతే ఫ్లీ పురుగును కుక్క నాకి మింగితే దాని లోపలి బద్దెపురుగు పిల్ల పేగులో పెరిగి, బియ్యపు గింజంత ముక్కలుగా తోక కింద కనిపిస్తుంది. వీటిలో కొన్ని మనుషులకూ చేరతాయి. కుక్క మలం కలిసిన మట్టిలో ఆడుకునే పిల్లల ఒంట్లోకి ఏలికపాము గుడ్లు పోతే పిల్ల పురుగులు కాలేయానికీ కంటికీ ప్రయాణిస్తాయి. కబేళాల దగ్గర పారేసిన గొర్రె పేగులూ కాలేయాలూ తిన్న కుక్కల నుంచి మనుషుల కాలేయంలో నీటితిత్తులు ఏర్పడటం ఆంధ్రప్రదేశ్ వైద్యులు ఎప్పటి నుంచో చూస్తున్న జబ్బే.

మందు చేసే పని కూడా అంతే సూటిగా చెప్పుకోవాలి. పైరాంటెల్ పురుగు కండరాలను బిగదీసి కదలకుండా చేస్తుంది. ప్రాజిక్వాంటెల్ బద్దెపురుగు పైపొరను చీల్చేస్తుంది, ఆ తర్వాత కుక్క పేగే దాన్ని అరిగించుకుంటుంది. జపాన్‌లోని ఇటో నగరం దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఐవర్‌మెక్టిన్ వచ్చింది. ఆ పనికి సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అది పురుగు నరాల్లో, కండరాల్లో ఉండే ఒక రకం ద్వారాలను తెరిచిపెట్టి చచ్చుబడేలా చేస్తుంది. ఆ రకం ద్వారాలు కుక్కలోనూ మనిషిలోనూ లేవు కాబట్టి సరైన మోతాదులో వాళ్లకు హాని చేయదు. ఇప్పుడు నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే పిడుదుల మాత్రలు కూడా కీటకాల, పిడుదుల నరాల మీదే పనిచేస్తాయి. ‘నివారణ’, ‘నిర్మూలన’, ‘రక్షణ’ అని డబ్బా మీద ఏం రాసినా లోపల జరిగేది చంపడమే. ఈ చర్చలో నిజాయితీ అక్కడి నుంచే మొదలవ్వాలి.

ప్రాణులను లెక్కగట్టడంలో జైనులంత శ్రద్ధ పెట్టినవాళ్లు మరొకరు లేరు. తత్త్వార్థసూత్రం ఇంద్రియాల సంఖ్యను బట్టి ప్రాణులను మెట్లు మెట్లుగా పేర్చింది. నేల, నీరు, నిప్పు, గాలి, చెట్టూచేమలకు స్పర్శ ఒక్కటే. పురుగుకు స్పర్శ, రుచి రెండు. చీమకు వాసనతో కలిపి మూడు. తుమ్మెదకు చూపుతో నాలుగు. మనిషికి, పశువుకు, కుక్కకు వినికిడితో అయిదు. ఈ లెక్కన కడుపులో నట్ట రెండింద్రియాల జీవి, పేను మూడింద్రియాలది, పిడుదు కూడా దాదాపు ఆ కోవదే. ఏ మెట్టు మీది జీవిని చంపినా హింసే. అయితే పై మెట్టు జీవిని చంపితే పాపం ఎక్కువ. గృహస్థుకు ఉన్న వెసులుబాటును కూడా జైన ఆచార్యులు వివరంగా చెప్పారు. కావాలని చేసే సంకల్ప హింసను గృహస్థు పూర్తిగా వదలాలి. వంట, ఇల్లు ఊడ్వడం లాంటి పనుల్లో జరిగేది, వృత్తిలో జరిగేది, ఆపద నుంచి కాపాడుకోవడంలో జరిగేది పూర్తిగా తప్పించుకోలేనివి, తగ్గించుకోవాల్సినవి. కుక్కకు పిడుదుల మందు వేయడం చివరి రకానికి దగ్గరగా వస్తుంది. చంపడమే కోరికగా పెట్టుకుని ఎవరూ మందుల షాపుకు వెళ్లరు.

ఇంత సులువుగా ఒప్పుకోని వాదం కూడా జైనంలోనే పుట్టింది, దాన్ని దాటవేసి ముందుకు పోవడం తగదు. 1760లో రాజస్థాన్‌లో తేరాపంథ్ శాఖను స్థాపించిన ఆచార్య భిక్షు ఒక కఠినమైన మాట చెప్పారు. చిన్న ప్రాణులను బలిపెట్టి పెద్ద ప్రాణులను కాపాడటం లోకంలో కర్తవ్యం కావచ్చు గాని ఆత్మోద్ధరణకు పనికివచ్చే ధర్మం కాదన్నది ఆయన తీర్పు. లోకధర్మాన్నీ ఆధ్యాత్మిక ధర్మాన్నీ ఆయన విడివిడిగా నిలబెట్టారు. ఎక్కువ ఇంద్రియాలున్న వాళ్ల కోసం తక్కువ ఇంద్రియాలున్న వాళ్లను చంపి దానికి దయ అని పేరు పెట్టుకోవడం ఆయనకు నచ్చలేదు. బలవంతుడి పక్షాన నిలబడి బలహీనుడిని తొక్కేవాడు రోజూ చెప్పే సాకు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి ఆయన జాగ్రత్త అర్థమవుతుంది. ఈ వాదంతో పోట్లాడనక్కర లేదు. మందు వేసినవాడు పుణ్యం ఆశించకుండా ఉంటే ఆచార్యుడి మాటకు, పశువైద్యుడి చీటీకి మధ్య తగాదా ఉండదు. కుక్కను కట్టేసుకున్నవాడికి దాని ఆరోగ్యం బాకీ. బాకీ తీర్చినందుకు ఎవరూ స్వర్గం అడగరు.

బాకీ ఎలా ఏర్పడిందో తర్వాత చూద్దాం. ముందు గుజరాత్ వెళ్లి రావాలి. అక్కడి పింజ్రాపోళ్లలో ముసలి పశువులనూ గాయపడ్డ పక్షులనూ సాకడంతో ఆగకుండా, కొన్నిచోట్ల ‘జీవాత్ ఖానా’ అనే గది కూడా కట్టారు. ఇళ్లలో ఊడ్చిన చెత్తలో, ధాన్యపు పొట్టులో ఉండే పురుగులను అక్కడికి తెచ్చి వదిలి, వాటి బతుకు అవి బతికేలా చేస్తారు. ఇది చూసి నవ్వేవాళ్లు ఉన్నారు. కంటికి సరిగా ఆనని ప్రాణికి కూడా చోటు కేటాయించిన సమాజం ముందు నవ్వడం కన్నా తల వంచడం మేలు. అయితే అదే ఊళ్ల గురించి ఒక పాత రాత మరో సంగతి చెబుతుంది. పదిహేడో శతాబ్దం చివర్లో సూరత్‌లో ఉన్న ఇంగ్లీషు మతగురువు జాన్ ఓవింగ్టన్, అక్కడి ఒక ఆసుపత్రిలో నల్లులకూ ఇతర పురుగులకూ ఆహారంగా ఒక పేదవాడిని రాత్రంతా మంచం మీద పడుకోబెట్టేందుకు కూలి ఇచ్చేవారని రాశాడు. పరాయి మతం పట్ల యాత్రికుడి చూపులో ఎంత అతిశయోక్తి ఉందో పక్కన పెడదాం. ఆ దృశ్యంలోని నైతికమైన పొరపాటు మాత్రం కళ్లకు కడుతుంది. నల్లులకు ఆతిథ్యం ఇవ్వాలన్న సంకల్పం ఒకరిది, నెత్తురు మరొకరిది. కూలి డబ్బు ఆ పేదవాడి అవసరాన్ని కొన్నదే తప్ప అతడికి దయ నేర్పలేదు.

ఈ సమస్యకు తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది. ఈ దేశపు సంప్రదాయాలు పురుగు కాటును సహించిన వాళ్లను గొప్పగా చెప్పాయి. జైన సాధువు ఓర్చుకోవాల్సిన ఇరవై రెండు పరీషహాల్లో దోమల, కీటకాల కాటు ఒకటి. మహాభారతం శాంతిపర్వంలో పరశురాముడు కర్ణుడి తొడ మీద తలపెట్టి నిద్రపోతుండగా అలర్కమనే పురుగు ఆ తొడను తొలిచింది. దానికి ఎనిమిది కాళ్లు, పదునైన కోరలు, ఒళ్లంతా సూదుల్లాంటి రోమాలు అని వర్ణన. ఎనిమిది కాళ్లు పిడుదు జాతి లక్షణం కావడం కాకతాళీయమే కావచ్చు. గురువు నిద్ర చెడకూడదని కర్ణుడు కదలకుండా కూర్చున్నాడు, నెత్తురు కారి పరశురాముడికి తగిలేదాకా పెదవి విప్పలేదు. ఆ కథ మన మనసులో నిలవడానికి కారణం కర్ణుడు భరించినది తన తొడ మీది బాధ కావడమే. పక్కనున్న మరొకరి తొడను పురుగుకు అప్పగించి తాను ఊరుకుని ఉంటే వ్యాసుడు దాన్ని ఓర్పు అని చెప్పేవాడు కాదు.

బౌద్ధంలో అసంగుడి కథ కుక్కతోనే ముడిపడి ఉంది. టిబెటన్ చరిత్రకారులు ఈ కథను ఎంతో ప్రీతితో చెబుతారు. మైత్రేయుడి దర్శనం కోసం పన్నెండేళ్లు గుహలో తపస్సు చేసి, ఫలితం లేక బయటికి వచ్చిన అసంగుడికి దారిలో ఒక కుక్క ఎదురైంది. దాని వెనక భాగమంతా పుండు పడి, పుండు నిండా పురుగులు లుకలుకలాడుతున్నాయి. పురుగులు తీయకపోతే కుక్క చస్తుంది. చేత్తో తీస్తే పురుగులు నలిగి చస్తాయి. తీసి పక్కన పెడితే తిండి లేక చస్తాయి. అసంగుడు ఒక కత్తి సంపాదించి తన తొడ మాంసం కోసి పురుగులకు పెట్టాడు. వేళ్లు తగిలితే నలుగుతాయని నాలుకతో తీయబోయాడు. కళ్లు మూసుకుని వంగితే నాలుక నేలకు తగిలింది, కళ్లు తెరిస్తే కుక్క లేదు, మైత్రేయుడు నిలబడి ఉన్నాడు. ఈ కథ ప్రతి ఇంటి వాకిట్లో ఆచరించడానికి చెప్పింది కాదు. అయినా అసంగుడి ఆలోచన నడిచిన క్రమం గమనించదగ్గది. కుక్కను అలా వదిలేసి వెళ్లిపోవడం ఆయన లెక్కలో ఒక దారిగా కూడా రాలేదు. పురుగులను ఏమీ కానివిగా కూడా ఆయన చూడలేదు. ఖర్చు పెట్టాల్సి వచ్చినప్పుడు తన ఒంటినే పెట్టాడు.

సహనం తపస్సు కావాలంటే అది ఎవరికి వారు ఎంచుకున్నదై ఉండాలి. కుక్కకు వ్రతం పట్టే శక్తి లేదు. పరీషహాల సంగతి దానికి తెలియదు, మోక్షం కోసం పిడుదులను భరించడానికి అది ఒప్పుకోలేదు. దానికి తెలిసింది దురద, నీరసం, గోళ్లతో చెవి గీరుకోవడం. యజమాని తన అహింసావ్రతం చెడకుండా ఉండేందుకు కుక్క నెత్తురును పిడుదులకు ధారపోస్తే అతడు సూరత్ ఆసుపత్రిలో కూలి ఇచ్చినవాడి కన్నా ఒక మెట్టు కిందనే ఉంటాడు. అక్కడ కనీసం కూలి ఇచ్చారు.

థేరవాద బౌద్ధుల వ్యాఖ్యానాలు ప్రాణహింసను విడగొట్టి చూపడంలో న్యాయవాదులంత నిక్కచ్చిగా ఉంటాయి. చంపడం అనే కర్మ పూర్తి కావాలంటే అవతల ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న సంకల్పం ఉండాలి, ప్రయత్నం జరగాలి, చావు సంభవించాలి. పశుపక్ష్యాదుల విషయంలో ప్రాణి ఎంత పెద్దదైతే, ప్రయత్నం ఎంత ఎక్కువైతే దోషం అంత ఎక్కువ. ఈ కొలత మీద పెడితే పిడుదుల మాత్రలో అయిదు అంగాలూ ఉన్నాయి, కనుక దోషం లేదని బౌద్ధుడు అనలేడు. ఆ దోషం తక్కువదని, దాని వెనక ఉన్న చేతన ద్వేషంతో కాక కరుణతో కదిలిందని అనగలడు. అశోకుడు చేసిన పని కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. ఆయన రెండో శిలాశాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేసినట్టు, మూలికలు లేనిచోట తెప్పించి నాటించినట్టు చెబుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద చెక్కిన శాసనాల్లో అదీ ఉంది. అయిదో స్తంభ శాసనంలో ప్రాణులున్న ఊకను తగలబెట్టవద్దని ఆయనే ఆజ్ఞాపించాడు. ఊకలోని పురుగు మీద దయ ఉన్న రాజు పశువుకు వైద్యం మానలేదు.

వైదిక స్మృతులు ఈ చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నాయి. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అనే అయిదింటి దగ్గర గృహస్థుకు తెలియకుండానే ప్రాణులు చస్తాయని, ఇవి ఇంట్లోని అయిదు వధ్యస్థానాలని మనుస్మృతి చెప్పింది. ఆ దోషానికి పరిహారంగా రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. అందులో కుక్కలకూ కాకులకూ పురుగులకూ అన్నం నేల మీద పెట్టాలి. ఈ ఆలోచనలో చెప్పుకోదగ్గ పరిణతి ఉంది. హింస లేని ఇల్లు ఉండదని ఒప్పుకుంటూనే దాన్ని సహజం కదా అని వదిలేయలేదు, రోజూ గుర్తు చేసుకునే ఏర్పాటు చేసింది. మహాభారతం అరణ్యపర్వంలో మిథిల మాంసవర్తకుడు ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి చెప్పినదీ ఇంచుమించు ఇదే. నాగలి నేలను చీల్చినప్పుడు, మనిషి నడిచినప్పుడు ఎన్నో ప్రాణాలు పోతాయని, హింస అంటకుండా బతికేవాడు లోకంలో లేడని, తగ్గించుకోవడానికి యత్నించడమే చేయగలిగిందని ఆయన వివరించాడు.

ఇక తగ్గించుకోవాల్సిన చోట క్రూరత్వం చూపిస్తే ఏమవుతుందో ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ చెబుతుంది. దొంగతనం తెలియని మునిని శూలానికి గుచ్చారు. ఎందుకిలా జరిగిందని అడిగితే చిన్నతనంలో పురుగుల తోకల్లో గడ్డిపోచ గుచ్చి ఆడుకున్న పాపమని యమధర్మరాజు బదులిచ్చాడు. తెలిసీ తెలియని వయసు తప్పుకు ఇంత శిక్షా అని మాండవ్యుడు ఆయన్ను విదురుడిగా పుట్టమని శపించి, పద్నాలుగేళ్లలోపు చేసినవి పాపం కాకూడదని హద్దు పెట్టాడు. శిక్ష ఎక్కువైందన్నాడే గాని, పురుగుకు గుచ్చుకుంటే నొప్పి ఉండదని మాండవ్యుడు వాదించలేదు. పిడుదులను పీకి నిప్పులో వేసి చిటపటలు వింటూ కూర్చోవడం, సూదితో పొడిచి ఆడటం నేటికీ కనిపించే ఆటలే. అవి కుక్కకు ఏ మేలూ చేయవు. చేతితో నలిపితే పిడుదు లోపలి సూక్ష్మజీవులు వేలి గాయాల్లోకి చేరతాయి కూడా.

ఇస్లాం సంప్రదాయంలోని రెండు హదీసులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవదగ్గవి. దాహంతో నాలుక బయటపెట్టిన కుక్క కోసం బావిలోకి దిగి తన చెప్పుతో నీళ్లు తెచ్చిపోసిన మనిషిని దేవుడు క్షమించాడన్నది ఒకటి. ఒక్క చీమ కుట్టినందుకు మొత్తం చీమల పుట్టను కాల్పించిన ఒక ప్రవక్తను దేవుడు మందలించాడన్నది రెండోది. కుట్టింది ఒకటైతే కాల్చింది ఒక జాతిని. ఆపదకు తగినంత మందు, అంతకు మించి వద్దు అన్న నియమం ఈ రెండూ కలిపి చూస్తే దొరుకుతుంది.

క్రైస్తవ లోకంలో ఇదే ప్రశ్న సృష్టికర్త వైపు తిరిగింది. బతికున్న గొంగళిపురుగు ఒంట్లోపల తన పిల్లలను మేపే కందిరీగను కరుణామయుడూ సర్వశక్తిమంతుడూ అయిన దేవుడు కావాలని సృష్టించాడని తాను నమ్మలేకపోతున్నానని చార్లెస్ డార్విన్ 1860 మేలో వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకు రాశాడు. పిల్లి ఎలుకతో ఆడుకోవడాన్ని కూడా అదే వాక్యంలో చేర్చాడు. కర్మసిద్ధాంతం ఉన్నచోట ఈ చిక్కు ఇంత పదునుగా తగలదు. అయితే అక్కడ ఇంకో ఉచ్చు ఉంది. కుక్క తన పాపం అనుభవిస్తోంది, మధ్యలో మనమెవరం అని చేతులు ముడుచుకునే వీలు దొరుకుతుంది. దొడ్లో ఆవుకు జ్వరం వస్తే ఆ మాట అనని నోరు కుక్క విషయంలో అంటే అది తత్త్వమని ఎలా నమ్మడం?

జీవం పట్ల భక్తి అనే సూత్రాన్ని ప్రకటించిన ఆల్బర్ట్ ష్వైట్జర్ 1913 నుంచి ఆఫ్రికాలోని లాంబరెనెలో వైద్యం చేశాడు. నిద్రజబ్బుకు కొత్త మందులు వచ్చినందుకు సంతోషిస్తూనే, సూక్ష్మదర్శిని కింద ఆ జబ్బు క్రిములను చూసిన ప్రతిసారీ ఒక ప్రాణాన్ని కాపాడటానికి మరో ప్రాణాన్ని బలి ఇస్తున్నాననే ఎరుక తనకు కలుగుతుందని ఆయన రాసుకున్నాడు. ఆ ఎరుక ఆయన చేతిని ఆపలేదు, చేతిని మొద్దుబారనివ్వలేదు కూడా.

పిడుదుకు బాధ తెలుస్తుందా? 1934లో జర్మన్ జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ ఉక్స్‌కుల్ పిడుదు లోకాన్ని వర్ణించిన తీరు ఇప్పటికీ తత్త్వవేత్తలను పట్టి ఉంచుతోంది. పొద మీద వేలాడే ఆడ పిడుదుకు చెట్టు, ఆకాశం, రంగు ఏవీ లేవు. జంతువుల చర్మం నుంచి వచ్చే బ్యూటిరిక్ ఆమ్లం వాసన తగలగానే చేయి వదిలి పడుతుంది. వెంట్రుకల స్పర్శను బట్టి పాకుతుంది, వెచ్చదనం దొరికినచోట ముట్టె దించుతుంది. ఈ మూడు గుర్తులే దాని ప్రపంచం. రోస్టాక్‌లో పద్దెనిమిదేళ్లు ఆహారం లేకుండా పిడుదులు బతికి ఉన్నాయని కూడా ఆయన రాశాడు. ఇంత ఇరుకైన లోకంలో బాధ అనేది ఉంటే అది ఎలా ఉంటుందో ఊహకు అందదు. కీటకాలకు చైతన్యం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని 2024లో న్యూయార్క్‌లో చాలామంది శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు సంతకాలు చేసి ప్రకటించారు. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదాన్నీ ‘జంతువు’ అనే మాట కిందికే తెచ్చింది. ఆ అక్షరాల ప్రకారం పిడుదు కూడా జంతువే. కుక్క విషయంలో మాత్రం అనుమానానికి చోటు లేదు. నొప్పి, భయం, నీరసం, ఊరట అన్నీ దాని ముఖంలోనే కనిపిస్తాయి. తెలిసిన బాధను అనుమానంగా ఉన్న బాధ కోసం కొనసాగించడం న్యాయం అనిపించుకోదు.

బాకీ సంగతికి వద్దాం. అడవిలో నక్కకు పట్టిన పిడుదులను తీయమని ఏ శాస్త్రమూ మనిషికి చెప్పదు, చెప్పనక్కర లేదు. పెంపుడు కుక్క స్థితి వేరు. దాని తిరుగుళ్లు తగ్గించి గొలుసు వేసింది మనిషి. ఒకే పట్టా మీద రోజూ పడుకునేలా చేసిందీ మనిషే. ఈ గోధుమరంగు పిడుదు ఇళ్ల గోడల్లో, కుక్కల కొట్టాల్లో కాపురం పెట్టి బతకడానికి అలవాటు పడ్డ జాతి, పొదల కన్నా మన వసారా దానికి సుఖం. జబ్బుకు అవసరమైన ఇల్లు మనం కట్టి, మందు దగ్గరికి వచ్చేసరికి ప్రకృతి పేరు చెప్పడం కుదరదు. పైన చెప్పిన చట్టమే జంతువును తన అధీనంలో పెట్టుకున్నవాడికి దాని మంచిచెడ్డలు చూసే బాధ్యత అప్పగించింది. 1926లో అహ్మదాబాద్‌లో ఒక మిల్లు యజమాని వీధికుక్కలను చంపించినప్పుడు రేగిన వివాదంలో గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో వరసగా రాశారు. చంపడాన్ని ఆయన సమర్థించిన తీరుతో అందరూ ఏకీభవించక్కర లేదు. ఒక మాట మాత్రం నిలుస్తుంది. కుక్కలకు ఎంగిలి ముద్ద విసిరి, వాటి బాగోగులు పట్టించుకోకుండా వీధిలో వదిలేయడం దయ కాదని, కుక్కను ఉంచుకోదలచినవాడు సరిగా చూసుకోవాలని ఆయన అన్నారు.

మందు వేయడం కర్తవ్యమైతే ఎలా వేయాలన్నది కూడా ధర్మంలో భాగమే. తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రమాదాన్ని, అంటే అజాగ్రత్తను, నడిమధ్యలో పెట్టింది. పశువైద్యంలో ఆ మాటకు ఉన్నంత బలం మరెక్కడా కనిపించదు. కుక్కల కోసం చేసిన పర్‌మెత్రిన్ చుక్కలు పిల్లి మీద వేస్తే పిల్లి కాలేయం ఆ విషాన్ని విరగ్గొట్టలేదు. పిల్లి వణికి, మూర్ఛలు వచ్చి చస్తుంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యువులో లోపం వల్ల ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ మెదడుకు ఎక్కుతుంది. పొలంలో కొట్టే పురుగుమందును బకెట్ నీళ్లలో కలిపి కుక్క మీద పోయడం, పుండు మీద కిరసనాయిలు రాయడం, బరువు తూచకుండా మనుషుల మాత్ర విరిచి ఇవ్వడం దయతో చేసినా హింసగానే తేలతాయి. పుండులో పురుగులు పడితే పశువుల డాక్టరు చేసే పని చూస్తే తేడా తెలుస్తుంది. వెంట్రుకలు కత్తిరించి, పుండు కడిగి, మందు వేసి, పురుగులు పైకి తేలేదాకా ఆగి, పట్టకారుతో ఒక్కొక్కటీ తీస్తాడు. కుక్క మూలుగుతూనే ఉంటుంది. యజమాని దాని మూతి పట్టుకుని తల నిమురుతూ ఉంటాడు. చివరి పురుగు వచ్చేదాకా ఎవరూ తొందరపడరు.

అతిగా వాడటం కూడా ఈ ప్రమాదంలో భాగమే. పెంపుడు జంతువుల మీద వాడే ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ మందుల ఆనవాళ్లు ఇంగ్లండ్ నదుల నీటిలో దొరికాయి. కుక్కకు స్నానం చేయించిన నీళ్లూ కుక్క ఈదిన నీళ్లూ అక్కడికే చేరతాయి. ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన పశువుల పేడలో పేడపురుగుల పిల్లలు సరిగా బతకలేవు. కొంకి పురుగుల్లో చాలా మందులకు లొంగని రకాలు అమెరికాలో పందెపు కుక్కల నుంచి వ్యాపించాయి. అవసరం లేనప్పుడు కూడా నెల తిరిగేసరికి మందు పోయడం చీమల పుట్టను కాల్పించిన ప్రవక్త చేసిన తప్పే. ఎంత తరచుగా ఇవ్వాలో కుక్క బతికే పరిసరాన్ని బట్టి, మలపరీక్షను బట్టి డాక్టరు నిర్ణయించాలి.

హింస తగ్గించే దారి మందు ఆలస్యం చేయడంలో లేదు, ముందే మేల్కోవడంలో ఉంది. గుడ్లు పెట్టకముందే ఒక ఆడ పిడుదు చస్తే చచ్చేది ఒకటి. వదిలేస్తే దాని సంతానం వేలల్లో పుట్టుకొస్తుంది, ఆ తర్వాత ఇల్లంతా మందు కొట్టాల్సి వస్తుంది. పట్టా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం, గోడ పగుళ్లు పూడ్చడం, మలం ఎప్పటికప్పుడు ఎత్తి పూడ్చడం, పచ్చిపేగులు కుక్కకు వేయకపోవడం అహింస కోరుకునేవాళ్లకు మాత్ర కన్నా ముందు అందుబాటులో ఉన్న పనులు. కుక్కపిల్లలకు మొదటి నట్టల మందు రెండో వారంలోనే పడాలి. తర్వాత కొన్ని వారాల పాటు రెండు వారాలకోసారి ఇవ్వాలి, పాలిచ్చే తల్లికీ ఇవ్వాలి. పిల్లిపిల్లలకు మూడో వారం నుంచి మొదలుపెట్టవచ్చు. వీధిలో రోజూ ఒకే కుక్కకు అన్నం పెట్టే చేయి ఏడాదికి కొన్నిసార్లు దానికి నట్టల మందు కూడా పెట్టాలి. ఆ మందు ఖర్చు చాలామందికి అందనంత పెద్దదేమీ కాదు.